రొయ్యల గుంటలా మెయిల్ ఎండగట్టిన రోజు

మూడు వేళ్ళతో మనిషి ఎంత నష్టం చేయగలడో మీకు తెలియకపోతే కాసేపు కూర్చోండి, నేను చెబుతాను. నేను నిప్పు పెట్టలేదు, గోడ కూల్చలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఫ్యాను కింద కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు మీటలు కలిపి నొక్కి, తర్వాత మూడో మీట నొక్కాను. అంతే. మధ్యాహ్నానికల్లా మా యజమాని పోలీస్ స్టేషన్‌కు బయలుదేరారు. ఇప్పటికీ కంప్యూటర్ తెర మీద "సింక్ అవుతోంది" అన్న మాట కనబడితే నా అరచేతులకు చెమట పడుతుంది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఇది రాస్తూ కూడా మధ్యమధ్య నీళ్ళు తాగుతున్నాను.

ముందు నా గొప్పతనం గురించి చెప్పాలి. పేరు పద్మజ, ఊరు అల్లూరు, అప్పటికి వయసు ఇరవై మూడు. నెల్లూరులో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. ఆ మూడు నెలలకు నాకొచ్చిన గర్వం మూడు డిగ్రీలు చదివినవాళ్ళకు కూడా రాదు. బస్సులో పక్క సీటావిడ ఫోన్ పట్టుకుని తికమక పడుతుంటే, అడక్కుండానే లాక్కుని సరిచేసేదాన్ని. సగం మందికి సరయ్యేది కాదు. ఆలోపల వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చేసేది కాబట్టి నా పరువు దక్కేది.

ఇంత విద్వత్తును చూసి ఒక హేచరీవాళ్ళు నాకు ఉద్యోగం ఇచ్చారు. వాకాడు దాటి సముద్రం వైపు వెళితే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, హేచరీ అంటే తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, కంటికి ఆనీ ఆనని పిల్లలను తొట్లలో సాకి, రొయ్యల గుంటల రైతులకు అమ్మే చోటు. యజమాని ఖాదర్ గారు. అరవై దాటిన మనిషి. తుఫాను రోజున నడుముల్లోతు నీళ్ళలో దిగి పంపు సరిచేసుకున్న ధైర్యవంతుడు, కంప్యూటర్ దగ్గర మాత్రం రెండడుగుల దూరంలో నిలబడేవారు. ముట్టుకుంటే కరుస్తుందేమోనని ఆయన అనుమానం. నేను కాక అక్కడ ల్యాబ్‌లో సుశీలక్క ఉండేది. రొయ్య పిల్లల జబ్బులు మైక్రోస్కోపులో చూడడం ఆమె పని. మనుషుల జబ్బులు చూడడానికి ఆమెకు మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు.

నేను చేరిన రెండో నెలలో హేచరీ అనుమతి రెన్యువల్‌కు వచ్చింది. తనిఖీ ఆఫీసరు గురువారం పొద్దున వస్తానని కబురు పంపారు. మూడేళ్ళుగా అమ్మిన ప్రతి బ్యాచ్ పిల్లకూ నెల్లూరు ల్యాబ్ ఇచ్చిన వైరస్ పరీక్ష రిపోర్టు ఆయనకు చూపించాలి. ఆ రిపోర్టులన్నీ మెయిల్లోనే వచ్చేవి. ఖాదర్ గారు వాటిని తీసి వేరే ఎక్కడా దాచలేదు. వచ్చినవి వచ్చినట్టే మెయిల్లో పడి ఉండేవి, బట్టల షాపు ఆఫర్లతో బాటు. అవి చూపించలేకపోతే అనుమతి ఆగిపోతుంది. అనుమతి ఆగితే తొట్లలో ఉన్న పిల్ల మొత్తాన్నీ బ్లీచింగ్ పోసి చంపేసి, గేటుకు తాళం వేయాలి. అది ఖాదర్ గారి ఇరవై ఏళ్ళ కష్టం. ఆ గేటు లోపల పనిచేసేవాళ్ళ ఇళ్ళన్నింటికీ అదే తిండి.

బుధవారం పొద్దున ఆయన నన్ను పిలిచి, "పాపా, రిపోర్టులన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టు. ఆ ఒక్కటీ చేస్తే చాలు నాకు" అని చెప్పి, సముద్రపు నీళ్ళు తోడే పంపు షెడ్డు వైపు వెళ్ళిపోయారు.

ఆ ఒక్కటీ దగ్గరే మెలిక పడింది. మెయిల్స్ ఆయన ఫోన్లోకి చక్కగా వస్తున్నాయి, ఆఫీసు కంప్యూటర్లోకి రావడం లేదు. ప్రింటరేమో కంప్యూటర్‌కే కట్టి ఉంది. మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే కింద మూలలో ఒక సన్నటి పచ్చ గీత, దాని పక్కన "సింక్ అవుతోంది" అని రాసి ఉంటుంది. ఆ గీత సగం దాకా పాకి ఆగిపోతుంది. పాత రిపోర్టు మీద నొక్కితే తెల్ల కాగితం లాంటి ఖాళీ కనబడి, చక్రం ఒకటి తిరుగుతూ కూర్చుంటుంది. పది రోజులుగా ఇదే వరస అని అప్పుడు తెలిసింది. నేను ఆ పది రోజులూ ఏం చేశానని మాత్రం దయచేసి అడగకండి.

నాకు తెలిసిన వైద్యం మొత్తం చేశాను. ప్రోగ్రాం మూసి తెరిచాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. ఇంటర్నెట్ వైరు పీకి, చున్నీతో తుడిచి, తిరిగి గుచ్చాను. పాస్‌వర్డ్ నాలుగుసార్లు కొట్టాను. అయిదోసారి కూడా అది అంతే వినయంగా పాస్‌వర్డ్ అడిగింది. సుశీలక్క తలుపు దగ్గర నిలబడి చూసి, నెల్లూరు నుంచి ఎవరినైనా పిలిపిస్తే మంచిదేమో అంది. అవసరం లేదక్కా, నాకొచ్చు అన్నాను. నా జీవితంలో అన్ని అనర్థాలకూ ముందు ఈ మాటే వచ్చింది.

మెయిల్ పెట్టె పక్కన ఒక అంకె ఉంది. పద్దెనిమిది వేల పైచిలుకు. దాన్ని చూడగానే నాకు జబ్బు ఏమిటో అర్థమైపోయింది. నేను గుంటల పక్కన పుట్టి పెరిగిన పిల్లను కదా. మా నాన్న గుంటలో జబ్బు తగిలితే ఏం చేసేవాడు? మందులు చల్లుతూ కూర్చునేవాడు కాదు. పంట పోయినా సరేనని, ఉన్న నీళ్ళు మొత్తం తీసేసి, అడుగు బురద నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, సున్నం చల్లి, క్రీకులో నుంచి, అంటే సముద్రం నుంచి లోపలికి వచ్చే పాయలో నుంచి, కొత్త నీళ్ళు పెట్టేవాడు. మా ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి అది. ఎంత మొండి జబ్బయినా దానికి లొంగేది. గుంట ఖాళీ చేసినంత మాత్రాన క్రీకులో నీళ్ళకు ఏమవుతుంది?

కాబట్టి కంప్యూటర్లో కనబడేది గుంట. అసలు మెయిల్స్ ఎక్కడో పెద్ద కంపెనీ దగ్గర క్రీకులో భద్రంగా ఉంటాయి. గుంట ఖాళీ చేస్తే క్రీకు నుంచి మళ్ళీ అదే నిండుతుంది. ఇంత సులువైన సంగతి మూడు నెలల్లో ఒక్కసారైనా చెప్పలేకపోయాడే అని మా కోర్సు మాస్టారి మీద జాలి కూడా వేసింది.

కంట్రోల్, ఏ కలిపి నొక్కాను. పద్దెనిమిది వేల మెయిల్స్ నీలం రంగుకు తిరిగాయి. డిలీట్ కొట్టాను. అంతటితో ఆగి ఉంటే నేను ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ మా నాన్న గుంట అడుగున కాస్త తడి మిగిలినా ఒప్పుకునేవాడు కాదు, అందులోనే జబ్బు దాక్కుంటుందని. ట్రాష్ అనే పెట్టెలో అన్నీ పోగుపడి కనిపించాయి. దాన్ని కూడా ఊడ్చాను. పాపం, ఆ ప్రోగ్రాం నన్ను అడిగింది. ఇవి శాశ్వతంగా పోతాయి, మళ్ళీ రావు, నిజంగానే తీసేయమంటారా అని ఎంతో మర్యాదగా అడిగింది. తీసేయమన్నాను.

పచ్చ గీత కదిలింది! పది రోజులుగా సగంలో ఆగిన గీత చివరిదాకా పరిగెత్తింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ల్యాబ్‌లోకి వెళ్ళి, జబ్బు పట్టుకున్నాననీ, కాసేపట్లో మెయిల్స్ అన్నీ కొత్త నీళ్ళలా వచ్చి నిండుతాయనీ సుశీలక్కకు చెప్పి, టీ గ్లాసు అందుకున్నాను. ఒక్క గుక్క తాగానో లేదో ఫోన్ మోగింది.

ఖాదర్ గారు. "పాపా, నా ఫోన్లో మెయిల్స్ ఉన్నట్టుండి తగ్గిపోతుండాయి. పొద్దున పద్దెనిమిది వేలుండె. ఇప్పుడు పదకొండు వేలు. నేను చూస్తుండంగానే పదయింది."

నాకు ఒక్క క్షణం ఆయన ఏం చెబుతున్నారో తెలియలేదు. మరుక్షణం తెలిసింది.  నేను ఎండగట్టింది గుంటను కాదు, క్రీకును. రేపు పొద్దున ఆఫీసరు వచ్చేసరికి ఈ హేచరీ దగ్గర చూపించడానికి ఒక్క కాగితం కూడా ఉండదు. గ్లాసులో టీ చున్నీ మీద ఒలికింది. కాలిన సంగతి కూడా నాకు తెలియలేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరిగెత్తాను. ఆ ఫోన్‌కు నెట్ ఆపేస్తే కొన్నయినా మిగులుతాయన్నదే నా బుర్రలో మిగిలిన ఒకే ఒక తెలివి. మామూలు రోజుల్లో ఆ పంపు షెడ్డు దగ్గర సిగ్నల్ ఒక్క గీత కూడా ఉండదు. ఫోన్ మాట్లాడాలంటే కొబ్బరి చెట్టు మొదట్లో ఉన్న సిమెంటు దిమ్మె ఎక్కాలి. ఆ రోజు ఆయన దిమ్మె మీదే ఉన్నారు, నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. ఫోన్ లాక్కుని నెట్ ఆపాను. ముప్ఫై ఆరు మెయిల్స్ మిగిలాయి. ఆత్రంగా తెరిచి చూశాను. బట్టల షాపువాళ్ళ పండగ ఆఫర్లు, ఏదో బ్యాంకువాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలు. రిపోర్టు ఒక్కటంటే ఒక్కటి లేదు.

నేను నోరు తెరిచేలోపలే ఖాదర్ గారు ఒక నిర్ణయానికి వచ్చేశారు. "ఇది దొంగ చేసిన పని పాపా. రేపు తనిఖీ ఉండాదని తెలిసి, గిట్టనోడు ఎవుడో లోపల పడినాడు. ఎవుడో కూడా నాకు తెలుసు." ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. కోపం కాదు అది, ఆయన పెదాలు పాలిపోయి ఉన్నాయి. దొంగ ఎక్కడున్నాడో కంప్యూటర్లో వెతికి పెట్టమని నాకు చెప్పారు. ఈలోగా తను స్టేషన్‌కు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చి వస్తానన్నారు.

నేను తల ఊపాను. డిలీట్ కొట్టడం ఒక తప్పయితే, ఆ తల ఊపడం దానికన్నా పెద్ద తప్పు. దొంగను పట్టుకునే పనిని దొంగకే అప్పగించి ఆయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. నేను ల్యాబ్‌లోకి వెళ్ళి సుశీలక్క ముందు స్టూలు మీద కూలబడ్డాను. జరిగింది చెప్పాను.

"ట్రాష్‌లో ఉంటాయిలే. చూసినావా?" అంది అక్క.

"దాన్ని కూడా ఊడ్చేసినానక్కా."

"అదెందుకు ఊడ్చినావు?"

"అడుగున తడి ఉంటే జబ్బు పోదు గదక్కా."

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. మైక్రోస్కోపు కింద కొత్త రకం పురుగు కనబడినప్పుడు అలాగే చూస్తుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "కంప్యూటర్‌లో వేరే నీళ్ళు, కంపెనీ దగ్గర వేరే నీళ్ళు ఉండవు పాపా. ఫోన్లో, కంప్యూటర్లో, ఆడా అంతా ఒకటే నీళ్ళు. ఒక చోట తోడితే అన్ని చోట్లా తగ్గుద్ది. సింక్ అంటే అదే." మూడు నెలల కోర్సులో రాని జ్ఞానం నాకు అర నిమిషంలో వచ్చింది. వచ్చి ఏం లాభం, తోడేశాను కదా.

మెయిల్ కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేస్తే ఒక మధురమైన గొంతు, మీరే ఖాళీ చేశారు కాబట్టి మేమేమీ చేయలేమని రెండు భాషల్లో చెప్పింది. సుశీలక్కే ఇంకో దారి చూపించింది. రిపోర్టులు పంపిన ల్యాబ్‌వాళ్ళ దగ్గర, వాళ్ళు పంపిన మెయిల్స్ ఉంటాయి కదా, అడుగు అంది. అడిగాను. అక్కడి గుమాస్తా చాలా మంచివాడు. అన్నీ ఉన్నాయి, తిరిగి పంపడం పెద్ద పని కాదన్నాడు. నేను ఫోన్‌లోనే దండం పెట్టబోయాను. అయితే, ఒక హేచరీ రిపోర్టులు ఇంకొకరు అడిగి తీసుకునే గొడవలు ఇదివరకు జరిగాయట, ఎవరు పడితే వాళ్ళు అడిగితే ఇవ్వరట. "ఓనర్ గారే మాట్లాడాలమ్మా. ఆయనతో ఫోన్ చేయించు" అన్నాడు.

ఓనర్ గారు అప్పటికి బండి స్టార్టు చేస్తున్నారు.

మా ల్యాబ్ నుంచి గేటు దాకా ఓ యాభై అడుగులు ఉంటుంది. ఆ యాభై అడుగుల్లో నేను మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాను. సర్వర్ పాడైందని ఒకటి, కరెంటు హెచ్చుతగ్గులని ఒకటి. మూడోది దొంగ మీదే పెట్టి లాగించడం. మూడూ బాగానే ఉన్నాయి. ఉద్యోగం పోతుంది, ఊళ్ళో తలెత్తుకోలేను, మా నాన్న మొహం ఎలా చూడను అని లోపల ఒకటే గోల. బండి దగ్గరికి వెళ్ళేసరికి మూడింటిలో ఏది ముందో మరిచిపోయాను.

"సార్, దొంగ దొరికినాడు" అన్నాను.

"యాడుండాడు?"

"ఇక్కడే సార్. నేనే."

ఆయన బండి ఆపేశారు.  గుంట సంగతి, క్రీకు సంగతి, అడుగు తడి సంగతి ఏడుస్తూనే చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి బండి మీద పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను స్టేషన్‌లో వాడి పేరు చెప్పేసుండేవాణ్ణి పాపా. నోటి చివరనే ఉండె" అన్నారు నెమ్మదిగా. "ఇంకొక పావుగంటయితే, ఏమీ ఎరగనోడు పోయి ఆడ కూర్చోనుండేవాడు. వాడికీ బిడ్డలుండారు."

మెయిల్స్ పోయినందుకు భయపడ్డాను కానీ, ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. నేను తల ఊపినందుకు ఎవరో తెలియని మనిషి జైలు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు, అతనికి ఆ సంగతి కూడా తెలియదు.  ఖాదర్ గారు నా చేతిలో ఫోన్ తీసుకుని ల్యాబ్‌వాళ్ళతో తనే మాట్లాడారు. మా పాప పొరపాటున చెరిపేసింది, కాస్త పంపించండి నాయనా అని అడిగారు. ఆ "మా పాప" విని నేను ఇంకాసేపు ఏడ్చాను.

రెండు గంటల నుంచి మెయిల్స్ రావడం మొదలుపెట్టాయి. వింతేమిటంటే, ఖాళీ చేసిన తర్వాత ఆ కంప్యూటర్ అద్భుతంగా సింక్ అయింది. నా వైద్యం పనిచేసింది, రోగే మిగల్లేదు. ఒక్కో మెయిల్ టింగుమని వస్తుంటే నేను ప్రింటు తీయడం, సుశీలక్క తన రిజిస్టర్లో బ్యాచ్ నంబరు చూసి టిక్కు పెట్టడం. కాస్త ఆలస్యమైతే చాలు, ఇద్దరం పచ్చ గీత వైపు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. అయిదింటికి చివరి టిక్కు పడింది. ఒక్క రిపోర్టు కూడా తగ్గలేదు. ఇంటికి వెళ్ళే బస్సులో ఎవరి ఫోన్ జోలికీ పోలేదు.

గురువారం పదింటికి ఆఫీసరు వచ్చారు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఫైలు ముందేసుకుని ఒక్కో కాగితమే తిప్పుతున్నారు. ఖాదర్ గారు ఎదురుగా కూర్చున్నారు, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పది కాగితాలు తిప్పాక ఆయన వెనక్కి వెళ్ళి మొదటిది మళ్ళీ చూశారు. తర్వాత మధ్యలోది. తర్వాత చివరిది. కళ్ళజోడు సవరించుకున్నారు.

"మూడేళ్ళ రిపోర్టులు నిన్న ఒక్క పూటలో వచ్చినట్టుండాయే?"

 ప్రతి కాగితం పైనా మెయిల్ వచ్చిన తేదీ ముద్రపడి ఉంది. ప్రతి దాని మీదా బుధవారమే. కావాలంటే టైము కూడా చూసుకోవచ్చు, రెండుకూ అయిదుకూ మధ్య. తనిఖీ ముందురోజు కూర్చుని మూడేళ్ళ దొంగ రిపోర్టులు వండినవాళ్ళ ఫైలు ఎలా ఉంటుందో, మా ఫైలు అచ్చంగా అలాగే ఉంది. ఖాదర్ గారు నా వైపు చూశారు. సర్వర్ పాడైందన్న మాట నా నాలుక దాకా వచ్చింది. నిన్న ఊపిన తల గుర్తుకొచ్చి దాన్ని మింగేశాను.

మొత్తం చెప్పాను, మొదటి నుంచి. ఒక చోట వెక్కిళ్ళు కూడా వచ్చాయి. ఆఫీసరు ఒక్క ముక్క రాసుకోలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. నేను ఆపాక జేబులోంచి ఫోన్ తీసి ల్యాబ్‌కు చేశారు. ఏడెనిమిది బ్యాచ్ నంబర్లు చదివి, వాళ్ళు చెప్పిన పాత తేదీలను రిపోర్టులో ఉన్న పరీక్ష తేదీలతో సరిచూసుకున్నారు. అన్నీ సరిపోయాయి. ఆయన పెన్ను మూత తీసి సంతకం చేశారు. ఖాదర్ గారు కళ్ళు మూసుకుని ఏదో మనసులో అనుకున్నారు. 

జీపు ఎక్కబోతూ ఆఫీసరు నన్ను చేత్తో సైగచేసి పిలిచారు. అయిపోయింది, మనసు మార్చుకున్నారనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మా ఆఫీసులో కూడా ఆ పచ్చ గీత నెల నుంచి సగంలోనే నిలిచిపోయుండాదమ్మా. నువ్వు అంతా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినాక, గీత కదిలింది గదా?"

"కదిలింది సార్, అయితే..."

"కదిలింది గదా" అని ఆయన తృప్తిగా తల పంకించారు. తీరం పొడుగునా ఉన్న హేచరీలన్నింటి కాగితాలూ ఆ ఆఫీసు మెయిల్లోనే ఉంటాయి.  ఇంతలో వెనక నుంచి ఖాదర్ గారు ఎంతో ఉత్సాహంగా అందుకున్నారు.

"మా పాప వచ్చి చేసి పెడతాది సార్. ఆ పనిలో ఆమెకి బాగా అనుభవం ఉండాది."

శుక్రవారం వెళ్ళక తప్పలేదు. వాళ్ళు నెల కిందట పాస్‌వర్డ్ మార్చారట, ఆ సంగతి కంప్యూటర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. కొత్తది కొట్టాను. గీత చివరిదాకా వెళ్ళింది. నెల రోజుల మెయిల్స్ టింగుటింగుమంటూ వచ్చి పడ్డాయి. ఆఫీసరు కాసేపు తెర వైపు, కాసేపు నా వైపు చూసి, "అంతేనా? డిలీట్ కొట్టవా?" అని నిరాశగా అడిగారు.

ఆ క్షణంలో, ఆ కుర్చీలోనే, నేను పరమ నిష్ఠతో ఒక ప్రతిజ్ఞ చేశాను. బంగాళాఖాతం సాక్షిగా, ఎవరి మెయిల్ ఎక్కడ ఆగిపోయినా, ముందు దానికి ఇంకో చోట కాపీ తీయిస్తాను. ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో ఇద్దరి చేత చూయిస్తాను. ఆ తర్వాత కూడా నెల్లూరు నుంచి మనిషిని పిలిపిస్తాను. అతను ఏ మీటయినా నొక్కేటప్పుడు మాత్రం, నేను గేటు బయట ఉంటాను.